కబురు పెట్టి వచ్చే తనిఖీ

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో రొయ్యల ప్లాంట్లకు ‘స్వతంత్ర సంస్థలతో తనిఖీ’ అన్న వార్త చదివి, నాకెందుకులే అని నాలుగు రోజులు ఊరుకున్నాను. ఇక వల్ల కాలేదు. ఆ స్వతంత్ర సంస్థకు ఫీజు ఎవరిస్తారు? వార్తలో ఆ ముక్కే లేదు. ఇచ్చేది ప్లాంటు యజమానే. పేపర్లు దిద్దే మాస్టారికి పరీక్ష రాసిన కుర్రాడే జీతం ఇచ్చినట్టుంది. ముప్పై ఏళ్లు పేపర్లు దిద్దాను, నాకైతే ఇలాంటి వసతి ఎవరూ కల్పించలేదు.

మా ఊరి పక్కన ఒక ప్లాంటుంది. పేరు రాయను, మా వైపు తెలియనివాళ్లు లేరు. తనిఖీ ఫలానా రోజని పది రోజుల ముందే టీ కొట్టులో తెలిసిపోతుంది. గోడలకు సున్నం పడుతుంది. రొయ్యల పొట్టు తీసే పీలింగ్ షెడ్డులో ఆడవాళ్లకు కొత్త గ్లౌజులు, కొత్త టోపీలు వస్తాయి. కాంట్రాక్టు మీద వచ్చేవాళ్లలో సగం మందిని ఆ పూట రావద్దంటారు. మిగిలినవాళ్లను ఆడిటర్ గారు ‘ఇబ్బందులేమన్నా ఉన్నాయా అమ్మా’ అని అడుగుతారు, సూపర్‌వైజర్ పక్కనే నిలబడి ఉండగా! వియ్యాలవారికి చేసినట్టు మర్యాదలన్నీ అయ్యి కారు మెయిన్ రోడ్డెక్కగానే గ్లౌజులు మళ్లీ స్టోరులోకి పోతాయి. ఆ రాత్రే డ్రెయిన్ నల్లగా పారుతుంది. దాళ్వాలో, అంటే రెండో పంటకు, కాలువ నీరందని శివారు రైతులు ఇంజన్లు పెట్టి తోడుకునేది ఆ నీళ్లే.

సంతకాల విలువ గోదావరి జిల్లాల వాళ్లకు కొత్తగా చెప్పాలా? మనవాళ్ల కంపెనీ అని సత్యం కంప్యూటర్స్ షేర్లు కొన్నవాళ్లు మా వీధిలోనే ఇద్దరున్నారు. 2009 జనవరి 7న, లెక్కలు తప్పని చైర్మన్ రామలింగరాజే ఒప్పుకున్న ఉత్తరం బయటపడేదాకా లెక్కలు సక్రమమని ఏటా సంతకం పెట్టింది పేరుమోసిన ఆడిట్ సంస్థే. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనే లేవు. తర్వాత 2013 కంపెనీల చట్టంలో, పెద్ద కంపెనీలకు ఒకే ఆడిట్ సంస్థ పదేళ్లకు మించి ఉండకూడదని రాశారు. సంతోషం. సంస్థ మారుతుంది, డబ్బిచ్చే చెయ్యి మారదు.

మన రొయ్యల తనిఖీ కాగితాలను యూరప్ వాళ్లు కూడా నమ్మలేదు. మన రొయ్యల్లో యాంటీబయాటిక్ అవశేషాల భయంతో 2016లో తమ రేవుల్లో పరీక్షించే సరుకును 10 నుంచి 50 శాతానికి పెంచేశారు. తినేవాడికి ఆ వీలుంది. డ్రెయిన్ గట్టు మీద కాపురం ఉండేవాడు ఎక్కడ పరీక్ష చేయించుకోవాలి?

సోమవారం గ్రీవెన్సులో రెండుసార్లు అర్జీ ఇచ్చాను. ‘సమస్య పరిష్కరించబడినది’ అని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. నన్ను కలిసిన మనిషి లేడు. నా చిన్నప్పుడు శానిటరీ ఇన్‌స్పెక్టర్ సైకిలు మలుపు తిరిగితే హోటళ్ల వాళ్లు గిన్నెలు మూసుకునేవారు. ఇప్పుడు ఇన్‌స్పెక్టరు బయల్దేరే ముందు వాళ్లకే ఫోన్ చేస్తున్నాడు.

ఫీజు ప్లాంటు వాళ్లే కట్టనివ్వండి, కానీ కలెక్టరేట్‌లో కట్టించండి. తనిఖీకి ఎవరు వెళ్లాలో అక్కడే చీటీ తియ్యండి. రిపోర్టు తెలుగులో పంచాయతీ ఆఫీసు గోడకు అంటించండి. ఇందులో చేయలేనిదేముంది?

అన్నట్టు, మీ విలేకరిని కూడా ఒకసారి పంపండి. ప్లాంటుకు ఫోన్ చేయకుండా, చీకటి పడ్డాక రమ్మనండి. డ్రెయిన్ గట్టు దాకా నేనే తీసుకెళ్తాను.

- ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
నరసాపురం మండలం