ఆటీన్లు రెండు చేతిలో, రెండు బల్ల మీద

ఒరేయ్ రవీ,

పోకర్ టోర్నమెంటుకి వేగాస్ టికెట్లు బుక్ చేశావట, భలే. డ్రా (ఇంకో ముక్క పడితే పూర్తయ్యే చెయ్యి) బలంగా ఉన్నప్పుడు చిప్‌లన్నీ ముందే తోసెయ్యాలా, ముక్క పడేదాకా ఆగాలా అనడిగావు. తోసెయ్యాలి, అదీ ఫ్లాప్ (బల్ల మీద పరిచే మొదటి మూడు ముక్కలు) మీదే. రమ్మీ అలవాటు మనల్ని ముంచేది ఇక్కడే. అక్కడ ముక్క కోసం కాచుక్కూర్చోవచ్చు, ఇక్కడ కాచుకున్న ప్రతి ముక్కకీ అద్దె కట్టాలి.

బ్లైండ్లు (ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పక పెట్టే చిన్న, పెద్ద పందేలు) 500-1,000, బిగ్ బ్లైండ్ యాంటీ (పెద్ద బ్లైండ్ వాడు అందరి తరఫునా అదనంగా పెట్టేది) 1,000, నీ దగ్గర 25,000 అనుకో. బటన్ (ఫ్లాప్ నుంచి అందరికంటే చివర ఆడే చోటు) మీద ఆటీను తొమ్మిది, ఎనిమిదితో పందెం 2,200 చేశావు. బిగ్ బ్లైండ్ ఒక్కడే వచ్చాడు, పాట్ (మధ్యలో పోగైన పందెం) 5,900. ఫ్లాప్‌లో ఆటీను జాకీ, ఆటీను పది, కళావరు మూడు. ఫ్లష్‌కి (ఒకే గుర్తువి ఐదు) తొమ్మిది ముక్కలు, స్ట్రెయిట్‌కి (వరసగా ఐదు) రాణులూ ఏడులూ కలిపి ఎనిమిది. మొత్తం పదిహేడు అనకు, ఆటీను రాణి, ఆటీను ఏడు రెండుసార్లు లెక్కలో పడ్డాయి. ఉన్నవి 15. టర్న్, రివర్ (బల్ల మీద పడే నాలుగో, ఐదో ముక్కలు) రెండూ చూస్తే వీటిలో ఒకటి పడే అవకాశం 54 శాతం. 15ని నాలుగుతో గుణిస్తే 60 వస్తుంది గానీ, ఇన్ని ముక్కలున్నప్పుడు ఆ చిట్కా నమ్మకు.

నువ్వు 2,000 వేస్తే వాడు 6,000 చేశాడు. పాట్ 13,900, నీకు మిగిలింది 20,800. ఆల్ ఇన్ కొట్టు, అంటే ఉన్నదంతా పెట్టెయ్. వాడు ప్యాక్ చేస్తే (ముక్కలు పారేస్తే) పాట్ నీదే. కాల్ చేస్తే (సమానంగా పెడితే) పాట్ 51,500. ఒక్క జాకీ జతే ఉంటే నువ్వే కాస్త ముందు. వాడిదగ్గర మూడు జాకీలున్నా నీకు 40 శాతం దాకా ఉంటుంది, అంటే 20,600. పెట్టిన 20,800లో సగటున పోయేది 200! వాడు మూడుసార్లలో ఒక్కసారి ప్యాక్ చేసినా లాభమే. భయపడాల్సింది ఆటీను ఆసు, రాజు పట్టుకున్నవాడికి: ఆటీను ఏడు తప్ప నీ ఆటీన్లన్నీ వాడికే పనికొస్తాయి, రాణి పడితే వాడి స్ట్రెయిటే పెద్దది.

ఆగి టర్న్ చూశావనుకో, ఆ ముక్క తప్పితే 54 కాస్తా 33కి దిగుతుంది. అప్పుడు తోసినా ఎవడూ బెదరడు.

ఫ్లాప్ మీద నువ్వు పందెం వెయ్యకముందే వాడు ఆల్ ఇన్ అంటే లెక్క వేరు. 28,700 కోసం 22,800 పెట్టాలి, 44 శాతం కావాలి. ఈ చేతికి సరే. ఉత్త ఫ్లష్ డ్రా అయితే 35 శాతమే, పారెయ్. నీ దగ్గర పది బిగ్ బ్లైండ్లే మిగిలితే వాడు ప్యాక్ చెయ్యడు, ఎనభై ఉంటే ఆ 6,000కి కాల్ చేస్తే చాలు.

బబుల్ (ఇంకొక్కరో ఇద్దరో ఓడితే మిగతావాళ్ళందరికీ డబ్బులొచ్చే దశ) దగ్గర మాత్రం పోయే చిప్ విలువ వచ్చేదాని కంటే ఎక్కువ. నీకన్నా పెద్ద స్టాక్ (చిప్‌ల కుప్ప) ఉన్నవాడు చెక్ చేస్తే (పందెం వెయ్యకుండా వదిలితే) నువ్వూ చెక్ చేసి ముక్క ఉచితంగా చూడు. నీదే పెద్ద స్టాకై, ఎదుటివాడు డబ్బుల్లోకి పాకుతుంటే ఇవే ముక్కలతో వాణ్ణి నలుపు, టాప్ జత (బల్ల మీది పెద్ద ముక్కతో కుదిరిన జత) కూడా ప్యాక్ చేస్తాడు.

నీ,
శీను