ఇళ్ల లెక్కతో పాటు కాంక్రీటు లెక్కా చెప్పాలి

సంపాదకులకు,

హైదరాబాద్‌లో పేదల ఇళ్ల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఎన్ని మంజూరయ్యాయి, ఎన్ని పూర్తయ్యాయి, ఎన్ని పంచారు అన్న అంకెలే వినిపిస్తాయి. ఆ అంకెలు అక్కర్లేదని నేను అనను. రేకుల గదికి నెలనెలా అద్దె కడుతూ ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న కుటుంబానికి నాణ్యత పేరుతో జాప్యం చేయడం న్యాయం కాదు. నగర శివారు కొల్లూరులో ఒక్కచోటే 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లు కట్టి 2023 జూన్‌లో ప్రారంభించడం చిన్న పనేమీ కాదు.

నా అభ్యంతరం వేగం మీద కాదు, ఆ వేగాన్ని పక్కనుండి చూసే కళ్లు లేకపోవడం మీద. సొంత స్థలంలో ఇందిరమ్మ ఇల్లు కట్టుకునే మనిషి స్లాబు పోసిన మర్నాటి నుంచి తానే పైకెక్కి నీళ్లు పడతాడు, ఇసుకలో మట్టి కనిపిస్తే మేస్త్రీతో గొడవపడతాడు. నగరంలో పేదకు స్థలం లేదు కాబట్టి బహుళ అంతస్తులు తప్పవు. కానీ ఏ ఫ్లాటు ఎవరిదో లాటరీ తీసేదాకా తెలియదు కాబట్టి, కట్టినంతకాలం ఆ ఇంటికి అడిగే యజమానే ఉండడు. మామూలు సిమెంటుతో పోసిన కాంక్రీటును కనీసం ఏడు రోజులు, ఎండ తీవ్రంగా ఉంటే పది రోజులు తడిగా ఉంచాలని కాంక్రీటు పనులకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతోంది. అల్యూమినియం షట్టరింగుతో, అంటే కాంక్రీటు పోసే లోహపు అచ్చులతో, వారానికో అంతస్తు లేపుతున్న చోట, నీటి ట్యాంకర్లకే కటకటలాడే మే నెలలో, ఈ నియమం ఎంతవరకు అమలవుతోందో అడిగేదెవరు? ఆ లోపం గృహప్రవేశం నాడు కనిపించదు. రంగు కింద దాగి, కొన్ని వానాకాలాలు గడిచాక గోడల చెమ్మగానూ, ఊడే పెచ్చులుగానూ బయటపడుతుంది. అప్పటికి కాంట్రాక్టరు బిల్లు తీసుకుని వెళ్లిపోయి ఉంటాడు.

అందుకే లబ్ధిదారుల ఎంపికను నిర్మాణం మధ్యలోనే ముగించి, బ్లాకుకు ఇద్దరు ముగ్గురికైనా పనులు చూసే హక్కు కల్పించాలి. స్లాబు పోసినప్పుడు నమూనాగా తీసే కాంక్రీటు దిమ్మెలను ఉస్మానియా, జేఎన్‌టీయూ వంటి విశ్వవిద్యాలయాల ప్రయోగశాలల్లో 28వ రోజున పరీక్షించి, ఫలితాన్ని బ్లాకు గోడ మీదే అతికించాలి. (శంకుస్థాపన ఫలకానికి దొరికే చోటు దీనికీ దొరుకుతుంది.)

ప్రైవేటు ఫ్లాటు కొన్నవారికి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ఐదేళ్ల రక్షణ ఇచ్చింది: ఇల్లు స్వాధీనమైన ఐదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే, తెలిపిన 30 రోజుల్లో బిల్డరు ఉచితంగా సరిచేయాలి. అదే హామీని పట్టాతో పాటు రాతపూర్వకంగా పేదలకూ ఇచ్చి, ఆ ఐదేళ్లూ కాంట్రాక్టరు బిల్లులో కొంత భాగాన్ని నిలిపి ఉంచాలి. పైఅంతస్తుల్లో వృద్ధులుండే ఇళ్లలో లిఫ్టు మరమ్మతుల ఖర్చు ఎవరిదో కూడా ఆ పత్రంలోనే తేల్చాలి. గృహనిర్మాణ శాఖ తదుపరి టెండర్లలోనే ఈ షరతులు చేర్చాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక విశ్రాంత సివిల్ ఇంజినీరు, మలక్‌పేట, హైదరాబాద్