ఇల్లని చెప్పి షెడ్డు పంపారు: కాటేజ్ కిట్ మీద ఫిర్యాదు

కర్నూలు

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
నకలు: టెక్నికల్ విభాగం, కస్టమర్ సర్వీస్ విభాగం

విషయం: 20×12 అడుగుల నివాస కాటేజ్ కిట్‌లో కొటేషన్‌కు భిన్నమైన ప్యానెళ్లు, పలచటి ట్యూబులు, చాలని బిగింపులు, ఎర్తింగ్ లేని వైరింగ్ – మార్చి ఇవ్వవలసిందిగా కోరుతూ.

అయ్యా,

మీ కంపెనీ కాటేజ్ కిట్‌ను కర్నూలు శివార్లలో, కేసీ కాలువ కింద నల్లరేగడి పొలంలో బిగించాం. కొన్న కుటుంబం, బిగించిన ఫ్యాబ్రికేటర్లం కలిసి ఈ ఫిర్యాదు పంపుతున్నాం. బిల్లు, కొటేషన్, డెలివరీ చలానా నకళ్లు, ఫొటోలు జత చేశాం.

స్లాబు ఇల్లు కట్టుకునే స్తోమత లేనివాళ్లు, పొలం దగ్గర కాపురం ఉండాల్సినవాళ్లు ఇలాంటి కిట్ల కోసమే చూస్తున్నారు. తక్కువ ధరకు చిన్న ఇల్లు దొరకడం మంచి విషయమే, ఆ ధర ఎలా తగ్గించారన్నదే మా అభ్యంతరం. సామాను పెట్టుకునే షెడ్డుకు, మనిషి పడుకునే గదికి తేడా తెచ్చేవి నాలుగే: పైకప్పు వేడి, గాలికి నిలిచే పట్టు, అడుగున నేల, కరెంటు భద్రత. మీరు పొదుపు చేసింది సరిగ్గా ఈ నాలుగింటిలోనే.

ముందు ప్యానెళ్ల సంగతి. కొటేషన్‌లో పైకప్పుకు, గోడలకు 50 మి.మీ. పఫ్ ప్యానెల్ (రెండు రేకుల మధ్య పాలీయురేథేన్ నురుగు), సాంద్రత ఘనపు మీటరుకు 40 కిలోలు, రెండు వైపులా 0.5 మి.మీ. రంగు రేకు అని రాశారు. కిటికీ కోసం కోసినప్పుడు మిగిలిన ముక్కను చూస్తే లోపల తెల్లటి గుండ్లు. వేలితో నలిపితే గింజల్లా విడివిడిగా రాలాయి. పఫ్ అయితే లేత పసుపు రంగులో ఉంటుంది, నలిపితే పొడి అవుతుంది. అనుమానానికి తావు లేకుండా 10 సెం.మీ. పొడవు, 10 సెం.మీ. వెడల్పు, 5 సెం.మీ. మందం ముక్క కోసి, రేకులు ఊడదీసి, కంసాలి తూకంలో పెట్టాం. సాంద్రత 40 ఉన్న పఫ్ ఆ కొలతకు 20 గ్రాములు తూగాలి. ఇది 8 గ్రాములు కూడా లేదు. అంటే సాంద్రత 15 ఉన్న మామూలు థర్మోకోల్. రేకును స్క్రూ గేజితో కొలిస్తే 0.35 మి.మీ.

ఇది పేరు తేడాగా సర్దుకుపోయే విషయం కాదు. థర్మోకోల్ గుండా వేడి పఫ్ కంటే సుమారు ఒకటిన్నర రెట్లు ఎక్కువగా దిగుతుంది. 50 మి.మీ. పఫ్ చేసే పని చేయాలంటే థర్మోకోల్ 80 మి.మీ. మందం ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలులో ఎండ 43, 44 డిగ్రీలు తాకుతుంది. గాలే అంత వేడిగా ఉంటే, ఎండలో నేరుగా కాగే ముదురు రంగు రేకు అంతకంటే ఎంతో ఎక్కువ వేడెక్కుతుంది. మీరు పంపింది ఇటుక రంగు పైకప్పు. రేకుకు, థర్మోకోల్‌కు మధ్య ఉన్న జిగురు ఆ వేడికి పట్టు వదులుతుంది. పడమటి వాలులో రెండు ప్యానెళ్లు అప్పుడే ఉబ్బాయి, చేత్తో తడితే డొల్ల శబ్దం వస్తోంది. ఒకసారి ఊడిన రేకును మళ్లీ అతికించే దారి లేదు, ప్యానెల్ మార్చాల్సిందే. మా జిల్లాలకు పంపే పైకప్పులు తెలుపు లేదా లేత రంగువే పంపండి. దానికి మీకు అదనపు ఖర్చు కూడా ఉండదు.

ట్యూబుల్లోనూ ఇదే వరస. ఫ్రేముకు 50×50 మి.మీ. చదరపు ట్యూబు, 2 మి.మీ. మందం అని రాసిచ్చారు. 2 మి.మీ. ట్యూబు 6 మీటర్ల బార్ సుమారు 17.5 కిలోలు ఉండాలి. వచ్చినవి పద్నాలుగున్నర కిలోలే, అంటే 1.6 మి.మీ. రకం. పెయింటు మీద నుంచి మందం కనిపించదు గానీ తూకం దాచలేరు. పైగా కోసిన చివరలకు ప్రైమర్ లేదు, మూతలు లేవు. నీళ్లు లోపలికి దిగి నిలిచాయంటే ట్యూబు లోపలి నుంచే తుప్పు పడుతుంది, అది బయటపడేసరికి చిల్లు పడి ఉంటుంది.

ఇక మమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువ భయపెడుతున్నది గాలి. గాలి ఒత్తిడికి సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో కర్నూలుకు ప్రాథమిక గాలి వేగం సెకనుకు 39 మీటర్లు, అంటే గంటకు 140 కిలోమీటర్లు. ఆ వేగంలో గాలి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 93 కిలోలు. ఈ కాటేజ్ పైకప్పు చూరుతో కలిపి 25 చదరపు మీటర్లు. తలుపు తెరిచి ఉన్నప్పుడు గాలి లోపలి నుంచి తోస్తుంది, పై నుంచి పీలుస్తుంది. రెండూ కలిస్తే పైకప్పును లేపే బలం రెండు టన్నులు దాటుతుంది. మీ చలానా ప్రకారం ఫ్లోరు బోర్డులతో సహా కిట్ మొత్తం బరువు 1,300 కిలోల లోపే. అంటే ఇల్లు తన బరువుతో తాను నిలబడలేదు, నేలకు కట్టి పట్టుకుంటేనే ఉంటుంది. ఆ పట్టు కోసం మీరు పంపినవి 4 మి.మీ. బేస్ ప్లేట్లు, ఒక్కో దానికి రెండేసి 10×75 మి.మీ. ఎక్స్‌పాన్షన్ బోల్టులు. వీటిని నాలుగు అంగుళాల పలచటి కాంక్రీటులో దిగగొడితే, గాలి లాగినప్పుడు చుట్టూ ఉన్న కాంక్రీటు పెచ్చుతో సహా ఊడి వస్తాయి. మే నెల గాలివానలకు రేకుల షెడ్లు లేచిపోవడం ఈ ప్రాంతంలో అందరూ చూసిందే. రేకులు ఎగిరితే సామాను తడుస్తుంది. లోపల పిల్లలు నిద్రపోతుంటే జరిగే నష్టాన్ని ఎవరు భర్తీ చేస్తారు?

కావలసింది పెద్ద ఖర్చు కాదు. ఎనిమిది స్తంభాల కింద ఎనిమిది కాంక్రీటు పెడస్టళ్లు (దిమ్మెలు), ఒక్కోటి 450×450 మి.మీ., లోతు 900 మి.మీ. ఒక్కో దాని బరువు 430 కిలోల పైమాటే, మొత్తం దాదాపు మూడున్నర టన్నులు. ఎనిమిదింటికీ కలిపి కాంక్రీటు ఒకటిన్నర ఘనపు మీటరు లోపు, సిమెంటు పన్నెండు బస్తాలు. పోసేటప్పుడే ఒక్కో పెడస్టల్‌లో 16 మి.మీ. జె-బోల్టులు (కింది చివర కొక్కెంలా వంగినవి) నాలుగు, 450 మి.మీ. లోతుకు దింపాలి. ప్లేటు కనీసం 8 మి.మీ. ఉండాలి. బోల్టులు, ప్లేట్లు కిట్‌లో రావాలి, పెడస్టల్ కొలతలు మీ డ్రాయింగులో ఉండాలి. మీరు ఇచ్చిన పుస్తకంలో మాత్రం "పునాది అక్కర్లేదు, ఏ నేల మీదైనా నిలబడుతుంది" అని ఉంది. బిగించేవాళ్లలో చాలామంది చదవలేని ఇంగ్లీషులో ఉన్న ఆ పుస్తకంలో కొన్నవాళ్లకు అర్థమైనది ఆ ఒక్క మాటే. అదే తప్పు మాట. మేము పెడస్టళ్లు వేయాలని అడిగితే మీ సైటు ఇంజనీరు ఆ పేజీనే చూపించి, సొంతంగా మార్పులు చేస్తే వారంటీ రాదని చెప్పాడు.

నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. ఇక్కడ జరిగిన వరస చూడండి. కిట్‌లో నీటి గట్టర్లు లేవు. ఒక్క వానలో 50 మి.మీ. కురిస్తే ఈ పైకప్పు మీది నుంచి 1,250 లీటర్ల నీళ్లు నేరుగా గోడల మొదట్లో పడతాయి. అంచుల్లో నేల ఉబ్బింది, మధ్యలో పొడిగానే ఉంది. లెవెల్ ట్యూబు పట్టి చూస్తే ఈశాన్యం మూల 20 మి.మీ. లేచింది. దాంతో ఫ్రేము మెలిపడి తలుపు గడప దగ్గర రాసుకుంటోంది, స్లైడింగ్ కిటికీ సగంలో ఆగిపోతోంది, పైన రిడ్జ్ (రెండు వాలులు కలిసే కొప్పు) అతుకు తెరుచుకుంది. అతుకు తెరుచుకున్నచోట నీళ్లు కారాయి. మీ మెకానిక్ వచ్చి ఆ అతుకు మీద సిలికాన్ పూసి వెళ్లాడు. కారణం నేల అడుగున ఉంటే మందు కప్పు మీద పూస్తే ఏం లాభం? ఇప్పుడు ఎండాకాలానికి ఆ నేల మళ్లీ కుంగుతుంది, సిలికాన్ చీలుతుంది, వచ్చే వానకు మళ్లీ కారుతుంది.

ఈ నేలలో చేయాల్సిన పద్ధతి పాతదే. పెడస్టల్ గుంత 5 అడుగులు తీసి, అడుగున 2 అడుగులు గరుసు నింపి దిమ్మిస కొట్టి, దాని మీద కాంక్రీటు పోయాలి. పెడస్టల్ పక్కల ఇసుక నింపితే మట్టి ఉబ్బినప్పుడు దాన్ని పట్టి పైకి లాగదు. గది లోపల 2 అడుగుల నల్లమట్టి తీసేసి, గరుసును ఆరేసి అంగుళాల పొరలుగా వేసి, నీళ్లు పెట్టి దిమ్మిస కొట్టాలి. చుట్టూ 3 అడుగుల వెడల్పున బయటికి వాలుగా బండలు పరిచి, గట్టరు నీళ్లను దూరంగా వదలాలి. పెద్ద కట్టడాలకైతే అడుగున ఉబ్బు ఉన్న పైల్స్ (లోతుకు దింపే కాంక్రీటు స్తంభాలు) వేస్తారు, ఇంత చిన్న గదికి అంత అవసరం లేదు. ఒక మాట కూడా చెప్పాలి. మీరు పంపిన 18 మి.మీ. సిమెంటు ఫైబర్ బోర్డు ఫ్లోరు ఈ ప్రాంతంలో ఎవరికీ అక్కర్లేదు. బేతంచెర్ల బండలు చేతికందే దూరంలో దొరుకుతాయి, చల్లగా ఉంటాయి, తరాలు నిలుస్తాయి. ఫ్లోరు లేకుండా కిట్ అమ్మి, ఆ డబ్బు పైకప్పులో పెట్టండి.

పైకప్పు స్క్రూల విషయం మీ డిజైన్ విభాగమే కూర్చుని లెక్క వేసి ఉంటే ఇలా జరిగేది కాదు. ప్యానెల్ మందం 50 మి.మీ., దాని మీద మిట్ట ఎత్తు మరో 30 మి.మీ. మిట్ట మీద బిగించాలంటే ఆ 80 మి.మీ. దాటి, ప్యానెల్‌ను మోసే అడ్డ ట్యూబు అయిన పర్లిన్‌లోకి దిగాలి, కనీసం 110 మి.మీ. స్క్రూ కావాలి. మీరు పంపినవి 75 మి.మీ. అవి పర్లిన్‌ను అందుకోవాలంటే నీళ్లు పారే పల్లంలో కొట్టడం తప్ప వేరే దారి లేదు. పల్లంలో కొట్టిన ప్రతి చిల్లూ రబ్బరు వాషర్ మీద ఆధారపడుతుంది, మన ఎండకు ఆ వాషర్ గట్టిపడి పగిలిపోతుంది. ప్యానెల్ అతుకుల్లో పెట్టే బ్యూటైల్ టేపు పెట్టెలో లేదు. రిడ్జ్ కింద మిట్టల సందులు మూసే ఫోమ్ ముక్కలూ లేవు. ఆ సందుల్లోంచి దుమ్ము, తేళ్లు, కందిరీగలు నేరుగా గదిలోకి వస్తున్నాయి. ఫ్యాను కొక్కేన్ని ప్యానెల్ రేకుకే తగిలించమని మీ బొమ్మలో చూపారు, అక్కడ పైన ఉక్కు ట్యూబే లేదు. అది మేము ఒప్పుకోలేదు. అడ్డంగా ట్యూబు వేసి దానికి తగిలించాం, ఆ ఖర్చు బిల్లు ఈ లేఖతో ఉంది.

కరెంటు గురించి చెప్పేది ఒక్క రోజు కూడా వాయిదా వేయడానికి వీల్లేనిది. నాలుగు వైపులా, పైనా ఇనుప రేకు ఉన్న గది ఇది. ఒక్క చోట వైరు ఒరుసుకుపోతే ఇల్లంతా కరెంటు పాకుతుంది. తడి చేత్తో తలుపు పట్టుకున్నా ప్రాణం పోతుంది. మీ కిట్‌లో ఫ్యాక్టరీలోనే వేసిన వైర్లు పైపు లేకుండా థర్మోకోల్ గుండా లాగారు. రేకు కోసిన పదునైన అంచు దగ్గర రబ్బరు బుష్ లేదు. పీవీసీ వైరు థర్మోకోల్‌కు తగులుతూ ఉంటే వైరు తొడుగును మెత్తగా ఉంచే పదార్థం థర్మోకోల్‌లోకి పోయి, తొడుగు కాలక్రమంలో పెళుసవుతుంది. ఈ సంగతి ప్యానెళ్లు తయారుచేసే మీకు తెలియకపోవడానికి వీల్లేదు. ఫ్రేముకు ఎర్త్ బోల్టు లేదు, మెయిన్ బోర్డులో కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే ఆర్‌సీసీబీ లేదు. మేము సరఫరా ఆపించి, 20 మి.మీ. కండ్యూట్‌లో వైర్లు కొత్తగా లాగి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టి, ఎర్త్ గుంత తీసి ఫ్రేమును రెండు చోట్ల దానికి కలిపాకే కరెంటు ఇచ్చాం. మీరు ఇలాగే అమ్మిన మిగతా ఇళ్ల సంగతేమిటి? కొన్నవాళ్లందరి ఫోన్ నంబర్లు మీ దగ్గర ఉన్నాయి. ఈ రోజే ఫోన్ చేసి చెప్పండి. ఆ థర్మోకోల్ మంట తగిలితే కరిగి నల్లటి పొగతో అంటుకుంటుందని, లోపల పొయ్యి పెట్టొద్దని కూడా చెప్పండి.

మేము కోరుతున్నవి:

పైకప్పు ప్యానెళ్లన్నీ కొటేషన్‌లో రాసిన 50 మి.మీ. పఫ్, 0.5 మి.మీ. రేకుతో, లేత రంగులో మార్చి ఇవ్వాలి. గోడ ప్యానెళ్లకు, ట్యూబులకు ధర తేడా తిరిగి చెల్లించాలి. 110 మి.మీ. స్క్రూలు, బ్యూటైల్ టేపు, ఫోమ్ ముక్కలు, రెండు వైపులా గట్టర్లు, జె-బోల్టులు, 8 మి.మీ. ప్లేట్లు పంపాలి. కాటేజ్ విప్పి పెడస్టళ్ల మీద మళ్లీ బిగించే కూలి, సిమెంటు, గరుసు, వైరింగ్ ఖర్చు మీరే భరించాలి. సెకనుకు 39 మీటర్ల గాలికి సరిపోతుందని స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం చేసిన డ్రాయింగు, తెలుగులో బిగింపు పుస్తకం ఇవ్వాలి. "ఏ నేల మీదైనా" అన్న మాట మీ ప్రకటనల్లోంచి తీసేయాలి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. రాకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేసి, వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద కర్నూలు జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాం. కొన్నవారు నివసించే చోటే కేసు వేసే హక్కు ఆ చట్టం ఇచ్చింది. కిట్ ధర 5 లక్షల లోపే కాబట్టి ఫీజు కూడా లేదు. తూచిన ప్యానెల్ ముక్క, ట్యూబు ముక్క, మీ 75 మి.మీ. స్క్రూలు సీలు వేసి దాచాం. మీ ఇంజనీరు వచ్చి మా ఎదుటే మళ్లీ కొలుచుకోవచ్చు. వచ్చేటప్పుడు తూకం, స్క్రూ గేజి ఆయననే తెచ్చుకోమనండి.

ఇట్లు,
కొనుగోలుదారు కుటుంబం, కాటేజ్ బిగించిన ఫ్యాబ్రికేటర్లు
కర్నూలు

జతపరచినవి: బిల్లు, కొటేషన్, డెలివరీ చలానా నకళ్లు, తూకం, గేజి కొలతల ఫొటోలు, లేచిన మూల, ఉబ్బిన ప్యానెళ్ల ఫొటోలు, ఫ్యాను ట్యూబు, వైరింగ్ ఖర్చు బిల్లులు.