పురుగు కనిపించాక ట్రైకో కార్డు కట్టి లాభం లేదు

సంపాదకులకు నమస్కారం.

వరి కాండం తొలిచే పురుగు గురించి ఈ మధ్య మీ సేద్యం పేజీలో వచ్చిన సూచనల్లో, "పురుగు కనిపించి మొవ్వులు ఎండడం మొదలవగానే ఎకరానికి రెండు ట్రైకో కార్డులు కట్టాలి" అని రాశారు. కార్డుల లెక్క సరిగానే ఉంది. కట్టమన్న అదనే తప్పు. పరకాల, నర్సంపేట వైపు "కార్డులు కట్టినం, ఏం ఫాయిదా లేదు" అనే మాట ఊరికే పుట్టలేదు కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాం.

ట్రైకో కార్డంటే ట్రైకోగ్రామా పిల్లలు లోపల పెరుగుతున్న చిమ్మట గుడ్లు అతికించిన అట్టముక్క. ట్రైకోగ్రామా అర మిల్లీమీటరు పొడవుండే బుల్లి కందిరీగ. అది గొంగళి పురుగు జోలికి పోదు. రెక్కల పురుగు పెట్టిన గుడ్డులో తన గుడ్డు పెడుతుంది. దాని పిల్ల ఆ గుడ్డు లోపలి సరుకంతా తిని పెరుగుతుంది. మూడు నాలుగు రోజులకు గుడ్డు నల్లబడుతుంది, ఎనిమిదో రోజుకు కాస్త అటూఇటుగా కొత్త కందిరీగ చిల్లు చేసుకుని బయటపడుతుంది. మొవ్వు ఎండిందంటే పిల్లపురుగు అప్పటికే కాండంలో కూర్చుంది, ఆ దఫా గుడ్లన్నీ పొదిగిపోయాయి. అప్పుడు రెండు కార్డుల్లోంచి వచ్చే 40 వేల కందిరీగలకు పొలంలో పనేముంటుంది? ఎండలో రెండు మూడు రోజులు తిరిగి చస్తాయి.

అసలు ఇంత చిన్న ప్రాణి ఎకరం పొలంలో ఆవగింజ కంటే చిన్న గుడ్డును పట్టుకోవడమే ఒక వింత. గుడ్డుకు వాసన దాదాపు ఉండదు. దూరానికి వాసన కొట్టే గుడ్డు ఎన్నాళ్లు మిగులుతుంది మరి? అందుకే కందిరీగ గుడ్డును కాదు, గుడ్డు పెట్టే తల్లిని పసిగడుతుంది. ఆడ రెక్కల పురుగు రాత్రిపూట మగవాటిని పిలవడానికి వదిలే వాసన ఆకుల మైనపు పొరకు అంటుకుని తెల్లవారాక కూడా ఉంటుంది. ట్రైకోగ్రామా తిరిగేది పగలు. వాసన అంటిన ఆకు తగిలితే అక్కడ ఎక్కువసేపు ఆగుతుందని నెదర్లాండ్స్‌లోని వాగెనింగన్ శాస్త్రజ్ఞులు క్యాబేజీ జాతి మొక్కల మీద 1991లో చూపించారు. ఇక తల్లి పురుగు గుడ్లు పెట్టేటప్పుడు రెక్కల నుంచి పొడిలాంటి పొలుసులు రాలుతాయి. ఆ పొలుసుల్లో ట్రైకోసేన్ అనే మైనపు పదార్థం ఉంటుందని, అది తగలగానే కందిరీగ ఎగరడం మానేసి గుడ్ల కోసం వెతకడం పెంచుతుందని అమెరికాలో 1973లోనే తేల్చారు. పొలుసులున్న చోట అది నెమ్మదిగా నడుస్తూ మాటిమాటికీ వెనక్కి తిరుగుతుంది, సంతలో పైసలు జారవిడుచుకున్న మనిషి అడుగడుగూ వెతికినట్టు. వదిలినవాడికి నష్టం, పసిగట్టినవాడికి లాభం చేసే ఇలాంటి వాసనలనే కైరోమోన్లు అంటారు.

గుడ్డు దొరికాక జరిగేది భూతద్దంలో చూడదగ్గది. కందిరీగ గుడ్డు మీదికెక్కి మీసాలతో టకటకా తడుతూ ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తుంది. గుడ్డు ఎంత పెద్దదో, లోపల ఎన్ని పిల్లలు పడతాయో ఆ నడకలోనే లెక్క తేలుతుంది. తర్వాత తొండం లాంటి గుడ్లముల్లు దించుతుంది. నడిచిన గుడ్డు మీద తన వాసన వదిలి పోతుంది, ఇంకో కందిరీగ వస్తే అది వేరే గుడ్డు చూసుకుంటుంది. ఈ గుర్తు నీళ్లతో కడిగితే పోతుందని జార్జ్ సాల్ట్ అనే కీటక శాస్త్రజ్ఞుడు 1930లలోనే కనిపెట్టారు.

ఇదంతా తెలిస్తే పొలంలో ఏం చేయాలో దానంతటదే తేలుతుంది. మొదట కట్టాల్సింది కార్డు కాదు, ఆడ పురుగు వాసన ఎరగా పెట్టి మగవాటిని పట్టే లింగాకర్షక బుట్ట. నాటు వేసిన రెండు వారాలకు ఎకరానికి మూడు బుట్టలు, పైరు కంటే అడుగు ఎత్తున. ఎరను మూడు వారాలకోసారి మార్చాలి. పత్తి గులాబీ రంగు పురుగు ఎర పట్టుకున్న చేత్తోనే వరి ఎర ముట్టుకుంటే వాసనలు కలిసి బుట్ట అక్కరకు రాదు. బుట్టలో మగ పురుగులు పడడం మొదలైతే ఆడవి గుడ్లు పెట్టే రోజులు వచ్చాయని అర్థం. ఆ వారమే మొదటి విడత కార్డులు కట్టాలి. ఆ తర్వాత వారానికోసారి, ఐదారు విడతలు. ఒక్కసారి కట్టి ఊరుకుంటే వారం తర్వాత పెట్టిన గుడ్లకు కాపలా ఉండదు.

ఒక కార్డు మీద బియ్యపు చిమ్మట గుడ్లు 18 నుంచి 20 వేలు అతికించి ఉంటాయి. రెండు కార్డులను ఇరవయ్యేసి ముక్కలు చేస్తే నలభై. ఎకరంలో పది మీటర్లకొకటి చొప్పున సరిపోతాయి. కందిరీగ తనంతట తాను కొన్ని మీటర్లకు మించి పోలేదు కనుక కార్డు మొత్తాన్ని గట్టు మీద ఒక్క చోట గుచ్చి ఇంటికి పోవడం కార్డును పారేసినట్టే. ముక్కను ఆకు అడుగున, గుడ్లున్న వైపు కిందికి వచ్చేలా స్టేప్లర్‌తో గుచ్చాలి, లేదా దారంతో కట్టాలి. గుడ్లు నల్లబడి, కందిరీగలు రేపు వస్తాయనగా సాయంత్రం పూట కట్టాలి, ఎందుకంటే అవి పొద్దున్నే బయటికొస్తాయి. యాసంగిలో మార్చి దాటాక మధ్యాహ్నం కడితే ఎండకు గుడ్డులోనే మాడిపోతాయి. మన దగ్గర ఇంకో పీడ చీమలు. నీళ్లు ఆరిన మడిలో రాత్రికి రాత్రే ముక్కను ఖాళీ చేస్తాయి, కాబట్టి మడిలో నీళ్లుండగానే కట్టాలి. కట్టడానికి వారం ముందు, కట్టిన తర్వాత వారం పది రోజులు పురుగుమందు కొట్టకూడదు. తైవాన్ పంపుతో పక్క మడిలో కొట్టిన మందు గాలికి వచ్చి పడ్డా అంతే. వేపనూనె కూడా ఆ రోజుల్లో వద్దు.

జాతి చూసి కొనాలి. వరి కాండం తొలిచే పురుగుకు ట్రైకోగ్రామా జపానికం. ఆకుముడతకు, పత్తిలో శనగపచ్చ పురుగుకు ట్రైకోగ్రామా కైలోనిస్. పత్తిలో గులాబీ రంగు పురుగు గుడ్లను కాయ మొదట్లో, రక్షక పత్రాల చాటున పెడుతుంది. దానికి ట్రైకోగ్రమటాయిడియా బాక్ట్రే అనే వేరే జాతి, ఎకరానికి 60 వేలు.

గొంగళి కనిపించాక పనిచేసే కందిరీగలు కూడా ఉన్నాయి, వాటి దారి వేరు. గొంగళి కొరికిన మక్కజొన్న మొక్క కొన్ని గంటల్లో ప్రత్యేకమైన వాసనలు వదులుతుంది. గొంగళిలోనే గుడ్లు పెట్టే కోటీసియా లాంటి కందిరీగలు ఆ వాసన పట్టుకుని వస్తాయి. కత్తితో గీసిన ఆకు అంతగా పిలవదు, ఆ గీత మీద గొంగళి ఉమ్మి పూస్తే పిలుస్తుంది. 1990లో తేలిన సంగతి ఇది. ఆ ఉమ్మిలో మొక్కను కదిలించే పదార్థం వోలిసిటిన్ అని 1997లో గుర్తించారు. ఒక ఆకును కొరికితే మొక్క మొత్తం వాసన వేస్తుంది. కందిరీగ నేర్చుకుంటుంది కూడా. ఒకచోట గొంగళి పెంటతో పాటు ఏ మొక్క వాసన తగిలిందో దాన్ని గుర్తు పెట్టుకుని మళ్లీ అలాంటి మొక్కనే వెతుకుతుందని 1988లో చూపించారు. కాబట్టి మక్కలో కత్తెర పురుగు కనబడగానే రెండు మందులు కలిపి కొడితే, మొక్క పిలిచి రప్పించిన కందిరీగల మీదే ఆ మందు పడుతుంది.

వరిలో సుడిదోమదీ ఇదే కథ. దాని గుడ్లు కాండాన్ని చుట్టుకుని ఉండే ఆకుతొడుగు లోపల దాగి ఉంటాయి, బయటికి కనిపించవు. దోమ సోకిన వరి వదిలే వాసనలు పట్టుకుని అనాగ్రస్ అనే కందిరీగ వాటిని వెతుకుతుంది. సింథటిక్ పైరిథ్రాయిడ్లనే పురుగుమందులు కొట్టిన పొలంలో ముందు పోయేది ఇలాంటివే. దోమపోటు తిరగబెట్టడానికి ఆ మందులూ ఒక కారణం.

నారుమడి గురించి ఒక మాట. నాటు ముందు నారు కొసలు తుంచమని చెప్పడం మంచి సలహా. కాండం తొలిచే పురుగు గుడ్ల ముద్దలు కొసల దగ్గరే ఉంటాయి. కానీ తుంచిన కొసలను కాల్చేయమని మాత్రం చెప్పకండి. ఆ ముద్దలపై గోధుమరంగు నూగు తల్లి పురుగు తన తోక వెంట్రుకలతో కప్పినది. టెలినోమస్ రొవాని అనే కందిరీగ ఆ తోక వెంట్రుకల్లోనే కూర్చుని తల్లితో పాటు ప్రయాణించి, గుడ్లు పడుతుండగానే నూగు కప్పకముందు వాటిలో తన గుడ్లు పెడుతుంది. టెట్రాస్టికస్ అనే ఇంకోదాని పిల్ల ఒక్కటే ముద్దలోని కొన్ని గుడ్లు తినేస్తుంది. కొసలను చిల్లులున్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి, డబ్బాను కొంచెం కిరోసిన్ కలిపిన నీళ్ల పళ్లెంలో ఇటుక మీద పెట్టి, గట్టు నీడన రెండు వారాలు ఉంచితే చాలు. ఐదారు రోజులకు పొదిగిన పిల్లపురుగులు దారం పట్టుకుని దిగి నీళ్లలో పడి చస్తాయి. కందిరీగలు ఎగిరి మడిలోకి పోతాయి.

ఇక కార్డులు అమ్మేవాళ్లకూ, కొనిచ్చే వ్యవసాయ శాఖకూ ఒక విన్నపం. ప్రతి కార్డు మీద జాతి పేరు, కందిరీగలు వచ్చే తేదీ, ఎంత చల్లదనంలో ఎన్ని రోజులు దాచారన్నది అచ్చు వేయండి. ఫ్రిజ్‌లో 10 డిగ్రీల దగ్గర ఎక్కువ వారాలు ఉంచిన కార్డు చూడ్డానికి నల్లగా నిగనిగలాడుతుంది, లోపల ప్రాణం ఉండదు. రైతులు వేలెడంత ముక్క కత్తిరించి గాజు గొట్టంలో వేసి, దూది బిరడా పెట్టి ఇంట్లో నీడన ఉంచాలి. తేదీ దాటిన రెండు రోజులకు భూతద్దంతో వంద నల్ల గుడ్లు లెక్కపెట్టి, చిల్లు పడినవి ఎన్నో చూడాలి. ఎనభైకి తగ్గితే తర్వాతి విడత అక్కడ కొనొద్దు, ఆ గొట్టాన్ని తీసుకెళ్లి అమ్మినవాళ్లకే చూపించి డబ్బులు అడగండి.

ఇట్లు,
పంటల కీటక శాస్త్రం బోధించిన కొందరం, హన్మకొండ