ఎక్స్ అంటే పండు కాదు, పండు ధర

సంపాదకులకు నమస్కారం.

మొన్న మీ విద్యార్థుల పేజీలో బీజీయ సమాసాల సూక్ష్మీకరణ (అంటే ఎక్స్, వై లాంటి అక్షరాలున్న లెక్కలను కుదించి రాయడం) మీద వేసిన పాఠం చూశాను. ‘ఎక్స్ అంటే మామిడిపండు, వై అంటే అరటిపండు, రెండూ కలవవు’ అని బొమ్మలతో చెప్పారు. బొమ్మలు ముద్దుగా ఉన్నాయి. నా పేచీ అంతా ఆ ‘అంటే’ దగ్గరే. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. మొదట్లో నేనూ పిల్లలకు ఈ పళ్లే పంచాను కాబట్టి తప్పు మీ ఒక్కరిదే అనను.

దసరా సెలవులకు వచ్చిన మా మనవడు ఏడో తరగతి. 3ఎక్స్ + 5 అని ఇస్తే 8ఎక్స్ అని తేల్చేశాడు. ఎలారా అంటే, “జవాబులో ఇంకా ప్లస్ ఉంటే లెక్క అవనట్టే కదా అమ్మమ్మా!” అన్నాడు. వాడి తప్పేముంది? ప్లస్ కనబడితే కూడెయ్యమని ఒకటో తరగతి నుంచి నేర్పింది మనమే. సరే, ఎక్స్ బదులు ఏదో ఒక అంకె పెట్టి చూడమన్నాను. వాడు తెలివిగా 1 పెట్టాడు. రెండు చోట్లా 8 వచ్చింది. నా వంక చూసి నవ్వాడు. ఈసారి 2 పెట్టమన్నాను. ఒకచోట 11, ఇంకోచోట 16. నవ్వు పోయి పెన్సిలు కొరకడం మొదలైంది.

దసరాకు మామిడిపళ్లెక్కడివి? సీతాఫలాలు తీసుకున్నాం. పండు ధర ఎంతో తెలీదు, ఎక్స్ రూపాయలనుకో. 3 పళ్లు, 5 రూపాయల సంచి. బిల్లు 3ఎక్స్ + 5. ఇంకో 2 పళ్లు వేయిస్తే 5ఎక్స్ + 5. సంచి డబ్బులు సంచివే. సజాతి పదాలంటే, అదే కలిపి కూడదగ్గ ఒకే రకం పదాలంటే, ఇంతే. అలా కాక ఎక్స్ అంటే పండే అని చెబితే, రేపు ఎక్స్ ఇంటూ ఎక్స్ వచ్చిన రోజు ఏం చెబుతారు? సీతాఫలాన్ని సీతాఫలంతో గుణిస్తే ఏమొస్తుంది?

12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు తెలియని రాశిని ‘యావత్తావత్’ అన్నాడు. ఎంతైతే అంత అని. పొట్టిగా ‘యా’. మామూలు సంఖ్యకు ‘రూ’, అంటే ‘రూప’కు పొట్టి, రూపాయి కాదు. మన 3ఎక్స్ + 5 ఆ పద్ధతిలో ‘యా 3 రూ 5’ అవుతుంది. మధ్యలో ప్లస్ లేదు, పక్కపక్కన ఉంటాయంతే. మావాడికి ఇది భలే నచ్చింది.

ఇక బ్రాకెట్ ముందు మైనస్. ‘గుర్తులు మారతాయి’ అని బట్టీ పట్టిస్తాం, ఎందుకో చెప్పం. బిల్లు ఎక్స్ రూపాయలు, షాపువాడు 20 తగ్గించాడు, 500 నోటిచ్చాం అనుకుందాం. తిరిగి రావాల్సింది 500 - (ఎక్స్ - 20). మావాడు 500 - ఎక్స్ - 20 అని రాశాడు. బిల్లు 300 అనుకుని చూడమన్నాను. రావాల్సింది 220, వాడి లెక్కకు వచ్చేది 180. “40 రూపాయలు నొక్కేశాడు అమ్మమ్మా!” అని లేని షాపువాడి మీద మండిపడ్డాడు. సరైనది 500 - ఎక్స్ + 20. తర్వాత ఆ ప్లస్ 20 మర్చిపోలేదు.

మీకు నా మనవి ఒకటే. ఆ పేజీలో జవాబుల కింద ‘ఎక్స్‌కు ఒక విలువ ఇచ్చి రెండు వైపులా సరిచూడండి’ అని ఒక లైను వేయండి. 0, 1 మాత్రం వద్దని కూడా రాయండి.

– ఒక విశ్రాంత గణితోపాధ్యాయురాలు, తెనాలి