ఎండ ముదిరితే వరదొచ్చే నదులు

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది రాజమండ్రి. ఉద్యోగం వల్ల అమెరికాలో, కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో ఉంటున్నా, ఏడేళ్ళ నుంచి కయాకింగ్ చేస్తున్నా, అంటే ఒక్కరే కూర్చునే చిన్న పడవేసుకుని రాళ్ళ మధ్య నురగలు కక్కే నీళ్ళలో దిగడం అన్నమాట. మాకు ఏప్రిల్ నుంచి జూన్ దాకా అసలైన సీజన్. ఇంటికి గంట దూరంలో సౌత్ ఫోర్క్ అమెరికన్ అని ఒక నది, చిలీ బార్ దగ్గర దిగితే కిందికి కొలోమా వస్తుంది, 1848లో బంగారం దొరికిన ఊరు అదే. ఈసారి దాదాపు ప్రతి శనివారం అక్కడే ఉన్నా.

మన దగ్గర వరదంటే వానలు, ఆకాశం నల్లబడుతుంది, ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక అని టీవీలో వస్తుంది, అందరం జాగ్రత్తపడతాం. ఇక్కడ అలా కాదండీ, చలికాలమంతా సియెర్రా కొండల మీద పడిన మంచు ఎండలు ముదిరే కొద్దీ కరిగి కిందికొస్తుంది, పైన ఒక్క మబ్బు ముక్క ఉండదు, డ్యాములు లేని నదులైతే పొద్దున చూసిన రాయి రాత్రికి కనపడకపోవచ్చు. ఏ ఏడు ఎంత నీరొస్తుందో కూడా చెప్పలేం. కొండల్లో ఫిలిప్స్ స్టేషన్ అనే చోట మంచు కొలుస్తారు, 2015 ఏప్రిల్ 1న అక్కడ ఒట్టి నేల, 2023 ఏప్రిల్‌లో అదే చోట 126 అంగుళాల మంచు.

1986 వరదలో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులని ఇంట్లో కథలు కథలుగా వింటూ పెరిగిన నాకు మొదట్లో ఇక్కడ 1500 క్యూసెక్కులంటే ఇదేం నది, పంట కాలువ కదా అనిపించింది. ఇరుకు లోయలో, రాళ్ళ మీద, ఏటవాలుగా దూకే 1500 వేరని ఒంటికి తగిలాకే తెలిసింది.

ఏప్రిల్‌లో ఒక శనివారం, కొలోమాకి కాస్త పైన ట్రబుల్‌మేకర్ అనే ర్యాపిడ్‌లో, అంటే నీళ్ళు రాళ్ళ మీద నుంచి ఉరికే చోట, ఒక్క క్షణం ఆలస్యంగా తిప్పా, పడవ బోర్లా పడింది. పాడిల్ (తెడ్డు) ఊపుతో, నడుము తిప్పి మళ్ళీ పైకి లేవడాన్ని రోల్ అంటారు, వందలసార్లు చేసిందే, ఆరోజు రెండుసార్లు ట్రై చేసినా రాలేదు, పడవలోకి నీళ్ళు రాకుండా నడుం చుట్టూ కప్పుకునే స్కర్ట్ లాగి బయటికొచ్చేశా. ఒంటిమీద నీళ్ళు లోపలికి రానివ్వని డ్రై సూట్ ఉంది, తడిసింది మొహం చేతులే, అయినా మంచు కరిగిన ఆ నీళ్ళ చలికి ఊపిరి దానంతటదే గుక్కలు గుక్కలుగా లోపలికి లాగేసింది, ఆపుకుందామంటే ఆగదు. తల నీళ్ళలో ఉన్నప్పుడు అలా లాగితే లోపలికెళ్ళేది నీళ్ళే. లైఫ్ జాకెట్ పైకి లేపింది, ఫ్రెండ్ తాడు విసిరి లాగాడు. ఒడ్డుకొచ్చాక హెల్మెట్ క్లిప్ తియ్యడానికి నా వేళ్ళు వంగలేదండీ, తనే తీశాడు.

మే నెలలో అక్కడే ఒడ్డున ఐదుగురు మన కుర్రాళ్ళు కనపడ్డారు, ఎమ్మెస్ చేస్తున్నారట, ట్రే నిండా బిర్యానీ, మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడి సెల్ఫీలు. పక్కనే విల్లో చెట్ల కొమ్మలు సగం మునిగి ఊగుతున్నాయి. నీళ్ళు ఆ కొమ్మల్లోంచి జల్లెడలోంచి పోయినట్టు పోతాయి, మనిషి మాత్రం అక్కడే చిక్కుకుపోతాడు. చెప్తే ఒకడు "మాది కృష్ణ ఒడ్డు అన్నా, ఈత వచ్చు" అన్నాడు. కోపం రాలేదు, ఆ వయసులో నేనూ గోదావరి పేరు చెప్పి అదే అనేవాణ్ణి. "మోచేతి దాకా ముంచి అరవై లెక్కపెట్టు తమ్ముడూ" అన్నా. ఇరవై దాటగానే తీసేశాడు, చెయ్యంతా ఎర్రగా అయిపోయింది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు, తర్వాత ఒక్కొక్కరే గట్టెక్కారు.

2024 ఏప్రిల్‌లో స్కాట్లాండ్‌లో లిన్ ఆఫ్ టమ్మెల్ అనే జలపాతం దగ్గర ఇద్దరు ఆంధ్రా పిల్లలు, మళ్ళీ మే నెలలో అరిజోనాలో ఫాసిల్ క్రీక్‌లో ఇద్దరు తెలుగు అబ్బాయిలు నీళ్ళలో మునిగి పోయారు. వార్త చదివాం, ఫోటో చూశాం, అయ్యో అనుకున్నాం, కానీ ఆ నీళ్ళు ఎలాంటివో ఎక్కడా ఎవరూ రాయలేదే అని నా బాధ. విదేశీ చదువుల పేజీలో ఏ బ్యాగులో ఎన్ని కేజీలు, పచ్చళ్ళు ఎలా ప్యాక్ చెయ్యాలి అని వేస్తుంటారు కదా, ఏటా మార్చి చివర్లో అందులో అర కాలమ్ దీనికివ్వండి. ఈతొచ్చినా సరే జాకెట్ లేకుండా దిగొద్దని, కొట్టుకుపోతుంటే నిలబడాలని చూడొద్దని, ఎందుకంటే రాళ్ళ మధ్య కాలు ఇరుక్కుంటే నీరు మనిషిని ముందుకు తోసి ముంచేస్తుంది, వెల్లకిలా తేలుతూ కాళ్ళు ముందుకి పెట్టుకోవాలని, ఫ్రెండ్ పడ్డాడని వెనకాలే దూకకుండా తాడో చున్నీయో ఏదుంటే అది విసరాలని రాయండి. అమ్మానాన్నలు ఫోన్‌లో తిన్నావా అని రోజూ అడుగుతారు, ఏప్రిల్ వచ్చాక వీకెండ్ ఎక్కడికెళ్తున్నావు, నీళ్ళ దగ్గరికేనా అని కూడా అడగమనండి.

మీకు కావాలంటే ఆ అర కాలమ్ నేనే రాసిస్తా, డబ్బులేం వద్దు. ఈ శనివారం కూడా చిలీ బార్‌కే వెళ్తున్నా. డిక్కీలో ఎప్పుడూ మూడు ఎక్స్‌ట్రా లైఫ్ జాకెట్లు ఉంటాయి, ఆ చుట్టుపక్కల ఉన్న మన పిల్లలెవరైనా వచ్చి అడిగితే ఇస్తా.

ఇట్లు
గోదావరి జిల్లా పాఠకుడు, శాక్రమెంటో