మంత్రిగారూ, మా కాలనీకి కాలువ ఎప్పుడు తవ్విస్తారు?

గౌరవనీయులైన గృహనిర్మాణ శాఖ మంత్రి గారికి,

విజయనగరం శివారు కాలనీ నుంచి ఒక ఇల్లాలు నమస్కరించి రాసుకుంటున్న ఉత్తరం. ఐదు సోమవారాలు కూలి మానుకుని, అధికారులు అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌కి వెళ్లాను. ఇక మీకే చెప్పుకుందామని రాస్తున్నాను.

పేదల ఇళ్ల పథకంలో మాకిచ్చిన సెంటు స్థలం, ఇల్లు కట్టుకోవడానికి 1.80 లక్షల సాయం, 20 టన్నుల ఇసుక, ఈ లెక్కలన్నీ మీకు తెలిసినవే. చాలని డబ్బుకి డ్వాక్రాలో 35 వేలు తీసుకున్నాం, నా దిద్దులు తాకట్టు పెట్టాం. దాని గురించి అడగడం లేదండి. సామాను దించుకున్నాక తెలిసింది, ఇంట్లో వాడిన నీళ్లు పోవడానికి దారే లేదని.

48 గజాల్లో ఇల్లు కట్టాక ఇంకుడు గుంతకి చోటెక్కడుంటుంది? మొదట్లో అంట్లు తోమిన నీళ్లు బకెట్లతో మోసి పక్క ఖాళీ స్థలంలో పారబోసేదాన్ని. ఇప్పుడు అక్కడా ఇల్లు లేచింది. ఆ ఇంటావిడా నేనూ ఒకే డ్వాక్రా గ్రూపులో ఉన్నాం, ఒకరి పిల్లల్ని ఒకరం చూసుకునేవాళ్లం. ఇప్పుడు రోజూ నీళ్ల దగ్గరే గొడవ. ఆవిడ తప్పేం లేదు. మా నీళ్లు ఆవిడ పునాదిలోకి దిగుతున్నాయి, గోడ అడుగున జానెడెత్తున చెమ్మెక్కి సున్నం రాలిపోతోంది.

వాన పడితే ఆటో లోపలికి రాదు. మా పాప చెప్పులు చేత్తో పట్టుకుని బురదలో మెయిన్ రోడ్డు దాకా నడుస్తుంది. అక్కడ సీసాలో నీళ్లతో కాళ్లు కడుక్కుని స్కూలుకి పోతుంది. ఆ నీళ్లు తాగమని ఇచ్చినవండి. సిరిమాను పండక్కి చుట్టాల్ని పిలవాలన్నా మనసొప్పడం లేదు.

భోగాపురం ఎయిర్‌పోర్టు పేరు చెప్పి మా చుట్టూ వెంచర్లు వేస్తున్నారు. వాళ్లు మట్టి పోసి ఎత్తు చేసుకున్నారు, ఆ వాన నీళ్లు కూడా మా మీదకే. ప్రైవేటు లేఅవుట్‌కి రోడ్లు, కాలువలు ఉంటేనే అనుమతి అంటారు కదా. గవర్నమెంటు వేసిన లేఅవుట్‌కి అవి అక్కర్లేదా?

ఒక ఆఫీసులో నిధుల్లేవమ్మా అంటారు, ఇంకో ఆఫీసులో మా పరిధి కాదంటారు. ఫోన్‌కి మాత్రం ‘మీ అర్జీ పరిష్కరించబడింది’ అని మెసేజ్ వచ్చింది. ఎవరొచ్చి చూశారు సార్? ఆ రోజు కూడా నేను బకెట్ మోస్తూనే ఉన్నాను.

కొత్తవాళ్లకి పట్నంలో రెండు సెంట్లు, పల్లెలో మూడు సెంట్లు ఇస్తామన్నారు. ఇవ్వండి, సంతోషం. కానీ ముందు కాలువ తవ్వించి తర్వాత పట్టా చేతికివ్వండి. మాకు సిమెంటు కాలువ ఇప్పుడే కాకపోయినా, మెయిన్ రోడ్డు కల్వర్టు దాకా ఒక్క మట్టి కాలువ ఈ వానల్లోపు తవ్వించండి. మీకు దణ్ణం పెడతాను.

ఇట్లు,
పట్టా పొందిన ఒక లబ్ధిదారు,
విజయనగరం